బాయి పొద్దు

సుప్రజ మేడం వచ్చిననాటి నుంచి సదానందానికి అన్నం సయించడం లేదు. కంపెనీ దవాఖానలో చూపించుకుంటే జ్వరం లేదు, షుగర్ లేదు, అంతా బాగానే ఉందన్నారు. ఓర్వలేనితనానికి రక్తపరీక్ష ఇంకా ఎవరూ కనిపెట్టలేదు కాబట్టి ఇందులో డాక్టరు తప్పేమీ లేదు.

అంతకుముందు ఆ ఏరియా ఆఫీసులో కంప్యూటర్ల గది అంటే సదానందమే. గోదావరిఖనిలో బొగ్గుగనిని బాయి అంటారు. అతని తండ్రి బాయిలో తట్టా, చెమ్మస్ అనే పారా పట్టి బొగ్గెత్తి, ఊపిరితిత్తులు చెడి దిగిపోతే వారసుడిగా కొడుక్కి వచ్చిన ఉద్యోగం అది. తండ్రి చెమటోడ్చిన బాయికి కొడుకు చల్లటి గదిలో కూర్చుని హాజరు చూసేవాడు. హాజరును ఇక్కడ మస్టర్ అంటారు. బాయి గేటు దగ్గర చిన్న మిషన్ మీద కార్మికుడు వేలు పెడితే మస్టర్ పడుతుంది. ఆ లెక్కంతా వైరు వెంట వచ్చి సదానందం గదిలోని పెద్ద మిషన్లో చేరుతుంది. దాన్ని నడిపించేది లినక్స్ అనే సాఫ్ట్‌వేర్. అది ఎప్పుడు మొరాయించినా బాయి దగ్గరి పిట్ ఆఫీసులో వినపడే మాట ఒకటే: "సదన్నను పిలువుండ్రి."

ఆ మాటకు అతను బీడీకి అలవాటు పడ్డవాడిలా అలవాటు పడ్డాడు. జీతం పెరిగినప్పుడు కూడా అంత సంతోషం ఉండేది కాదు. పిలుపు రాగానే వెంటనే లేవడు. చాయ్ తాగి, కళ్లద్దాలు తుడుచుకుని, అవతలివాడు మరోసారి బతిమాలాక లేస్తాడు. పెద్ద పనేం కాదు, ఒక్కోసారి మిషన్ ఆపి మళ్లీ పెడితే సరిపోయేది. అయినా చుట్టూ నలుగురు నిలబడి చూస్తుంటే ఆ ఒక్క మీట నొక్కడానికి కూడా అతను నుదురు ముడివేసేవాడు.

అట్లాంటి కడుపులో చల్ల కదలని బతుకులోకి సుప్రజ వచ్చింది. పరీక్ష రాసి నెగ్గి నేరుగా ఆఫీసరుగా దిగింది. కోస్తా నుంచి వచ్చి ఇక్కడే బాయిలో షిఫ్టు పని చూసే ఓవర్‌మెన్‌గా రిటైరైన మనిషి కూతురు. ఈ కాలనీలోనే పుట్టి పెరిగింది. వచ్చిన రోజే సదానందానికి నమస్కారం పెట్టి, "అన్నా, ఈ మిషన్ గురించి మీ దగ్గర నేర్చుకోవాలి" అంది. గర్వంగా మాట్లాడి ఉంటే అతనికి ప్రాణం హాయిగా ఉండేది. తిట్టుకోవడానికి ఒక కారణం దొరికేది. ఆ పిల్ల ఆ మేలు కూడా చేయలేదు.

వారాలు తిరక్కుండానే పిట్ ఆఫీసు పిలుపు మారింది. "సుప్రజ మేడంకు ఫోన్ చెయ్యిండ్రి" అనడం మొదలైంది. ఆమె ఫోన్లోనే ఏది నొక్కాలో, ఎందుకు నొక్కాలో చెప్పేసేది. చెబితే వాళ్లు నేర్చుకున్నారు. ఇంత తేలికైన పనికి సదన్న ఇన్నేళ్లు ఎందుకంత నుదురు ముడివేశాడని ఎవరూ అడగలేదు గానీ, అడిగినట్టే సదానందం భుజాలు తడుముకునేవాడు. గోరుచుట్టు మీద రోకటిపోటులా ఇంట్లో భార్య రమ కూడా మొదలుపెట్టింది. కూరగాయల మార్కెట్లో సుప్రజ కలిసిందట, రమక్కా అని పిలిచి సంచీ పట్టుకుందట, ఎంత కలుపుగోలు మనిషో అట. ఆ పూట పప్పులో ఉప్పు ఎక్కువైందని సదానందం కంచం నెట్టేశాడు. ఉప్పు సరిగ్గానే ఉంది.

ఇట్లా ఉండగా పైనుంచి ఆర్డర్ వచ్చింది. మిషన్లో ఉన్న లినక్స్ పాతబడింది, దానికి ఇక రిపేర్లు, రక్షణ ఉండవు, కొత్తది ఎక్కించాలని. ఈ ఆర్డర్ అంతకుముందు కూడా వచ్చింది. నడుస్తున్న బండికి చక్రాలు ఊడదీయడమెందుకని సదానందమే ఏదో ఒకటి చెప్పి దాటేస్తూ వచ్చాడు. సుప్రజ దాటేయలేదు. ఒక ఆదివారం అంతా గదిలో కూర్చుని, ఉన్న లెక్కలన్నీ వేరేచోట భద్రం చేసి, కొత్త లినక్స్ ఎక్కించింది. పక్క కుర్చీలో సదానందం సాయంగా కూర్చున్నాడు. పైకి ఆమె అడిగింది అందిస్తూ, లోపల మాత్రం ఇది లేవకుండా పోవాలని మొక్కుకుంటూ కూర్చున్నాడు. సాయంత్రానికి మిషన్ లేచింది. మేనేజర్ సారు మైసూర్‌పాక్ తెప్పించి ఆమెను మెచ్చుకున్నాడు. సదానందం ఒక ముక్క నోట్లో వేసుకుని, మింగలేక కక్కలేక బయటికి పోయాడు.

మొక్కు కాస్త ఆలస్యంగా ఫలించింది. సోమవారం పొద్దున మొదటి షిఫ్టు లైను కట్టింది. వేలు పెడితే మిషన్ తీసుకోవడం లేదు. తెర మీద చక్రం తిరుగుతూనే ఉంది. ఒక్కో మనిషికి మస్టర్ పడేసరికి వెనకవాడు ఒక చుట్ట తాగేయొచ్చు. సైరన్ కూసింది, సగం లైను అట్లాగే ఉంది. మిషన్లో పడనిదే ఎవరినీ లోపలికి దింపరు. కింద ఏదన్నా జరిగితే ఎవరున్నారో, ఎవరు లేరో పైన తెలియాలి కదా. ఆ రోజుకు చేత్తో రాసుకుని దింపారు. తొమ్మిదింటికి ఆఫీసు తెరిచేసరికి మిషన్ ఏమీ ఎరగనట్టు చకచకా నడుస్తోంది. మంగళవారం మళ్లీ అదే కథ.

సుప్రజ వెతకని చోటు లేదు. మెమరీ చాలలేదేమోనని కొత్తది తెప్పించి వేసింది. డిస్కు నిండిందేమోనని చూసింది, సగం ఖాళీగా ఉంది. దారిలో వైర్లు మార్పించింది. మిషన్ తనకు తాను రాసుకునే చిట్టాలు తిరగేసింది. బరువైన పనులన్నీ, అంటే ఫైళ్లు వెతికి పట్టిక కట్టడం, పాతవి కుదించడం, అన్నీ అర్ధరాత్రి పన్నెండింటికే మొదలైనట్టు అందులో ఉంది. ఆ వేళప్పుడు గేటు దగ్గర రాత్రి షిఫ్టు వాళ్లకు ఇబ్బందేమీ లేదు. పొద్దున మాత్రం మిషన్ కూలబడుతోంది. ఆమె కళ్ల కింద నలుపు దిగింది. సదానందానికి ఆ రెండు రోజులూ ఆకలి బాగా వేసింది. రమతో చెప్పి రెండోసారి కూర వేయించుకున్నాడు.

బుధవారం పొద్దున పళ్లు తోముకుంటుండగా అతనికి వెలిగింది. చేతిలో బ్రష్షు ఆగిపోయింది. అది తన గడియారం పని.

చాలా ఏళ్ల కిందటి మాట అది. అప్పుడు ఆఫీసరు యజ్ఞనారాయణ సారు. రాత్రి షిఫ్టు పన్నెండింటికి మొదలవుతుంది. పన్నెండుకు ముందు వేలు పెట్టినవాడికి ఇవాళ్టి మస్టర్, తరవాత పెట్టినవాడికి రేపటి మస్టర్ పడేది. ఒకే బాయి, ఒకే షిఫ్టు, పక్కపక్కన పనిచేసిన ఇద్దరికి రెండు తేదీలు. రోజూ గొడవే. క్యాలెండర్ రోజు అర్ధరాత్రి మారితే మారనీ, బాయి లెక్క వేరు. బాయికి పొద్దు పొడిచేది మొదటి షిఫ్టుతో, గుంకేది రాత్రి షిఫ్టుతో. ఈ సంగతి హైదరాబాద్‌లో ప్రోగ్రాం రాసినవాళ్లకు ఎక్కలేదు. మార్చాలంటే నెలలు పడుతుందన్నారు. అప్పుడు సదానందం మిషన్ లోపలి గడియారాన్ని ఏడు గంటలు వెనక్కి తిప్పాడు. దాంతో మొదటి షిఫ్టు వేళ్లు పెట్టడం మొదలయ్యేసరికి మిషన్‌కు అర్ధరాత్రి అయి తేదీ మారేది. రాత్రి షిఫ్టు మొత్తం ఒకే తేదీలో పడేది. మనుషులు చూసే తెర మీద మాత్రం ఆ ఏడు గంటలూ కలిపి అసలు టైం కనపడేలా పెట్టాడు. మిషన్ రాసుకునే చిట్టాల్లో లోపలి టైమే పడేది. మిషన్ అర్ధరాత్రికి పెట్టుకున్న బరువు పనులను మధ్యాహ్నానికి జరిపాడు. గొడవ ఒక్క రోజులో ఆగిపోయింది. ఎట్లా ఆగిందో ఎవరికీ అక్కర్లేకపోయింది. మీటింగులో యజ్ఞనారాయణ సారుకు చప్పట్లు కొట్టారట. తన పేరు వచ్చిందని ఎవరూ వచ్చి చెప్పలేదు. ఆ ముల్లు సదానందం గుండెలో ఇప్పటికీ అట్లాగే ఉంది.

కొత్త లినక్స్ ఆ గడియారాన్ని ఉన్నదున్నట్టు తెచ్చుకుంది. కానీ బరువు పనులను మాత్రం తన అలవాటు ప్రకారం మళ్లీ అర్ధరాత్రికి పెట్టుకుంది. మిషన్ అర్ధరాత్రి అంటే మనకు పొద్దున ఏడు. గేటు దగ్గర వేళ్లు వరుస కట్టే టైం.

నోరు కడుక్కుని ఒక్క ఫోన్ చేస్తే అయిపోయేది. చేయలేదు. ఇప్పుడు చెబితే ఆమె సరిచేస్తుంది, పేరు ఆమె ఖాతాలో పడుతుంది, తను మళ్లీ వెనక్కి పోతాడు. ఇదివరకు యజ్ఞనారాయణ, ఇప్పుడు సుప్రజ. ఈ మస్టర్ల గొడవ మీద శనివారం పొద్దున గేట్ మీటింగ్ పెడుతున్నారు. బాయి గేటు ముందు మైకు కట్టి, యూనియన్ వాళ్లు, మేనేజర్, మొదటి షిఫ్టు జనం అంతా ఉంటారు. అక్కడ మైకు అందుకుని చెప్పాలి. ఏం చెప్పాలో కూడా అనుకున్నాడు: ఈ మిషన్ సంగతి చదువుకున్నోళ్లకు కాదు, బాయి బిడ్డకు ఎరుక. మాట బాగా కుదిరిందని అద్దం ముందు ఇంకోసారి అనుకున్నాడు.

ఆ రోజే సుప్రజ వచ్చి అడిగింది. "అన్నా, పొద్దున పూట ఈ మిషన్ మీద బరువైన పని ఏదైనా నడుస్తుందా? మీకు ఏమైనా గుర్తుందా?"

"పొద్దుగాల ఏం లేదు మేడం. ఏమున్నా మిషన్‌కు రాత్రి పన్నెండింటికే" అన్నాడు సదానందం.

పాము చావకుండా కట్టె విరగకుండా చెప్పాడు. అందులో ఒక్క ముక్క అబద్ధం లేదు. అయితే రేపు పొద్దున ఏడింటికి వచ్చి గది తెరుస్తారా, ఆ టైంలో మిషన్ ఎదుట కూర్చుని చూస్తానని ఆమె అడిగింది. గది తాళంచెవి అతని దగ్గరే ఉంటుంది. రమకు మోకాలు పట్టేసింది, పొద్దున్నే దవాఖానకు తీసుకుపోవాలన్నాడు. మర్నాడు కూడా అదే మోకాలు చెప్పాడు. పాపం సుప్రజ, అక్కను జాగ్రత్తగా చూసుకోమంది.

గురువారం నుంచి చేత్తో రాయడం బంద్ చేశారు. చేతిరాతలో లేనివాళ్ల పేర్లు కూడా ఎక్కుతున్నాయని పైనుంచి ఆర్డర్. మిషన్లో పడితేనే దిగాలి, సైరన్ తరవాత గేటు మూయాలి. ఆ సాయంత్రం రమ తమ్ముడు ఎల్లేశం ఇంటికొచ్చాడు. బదిలీ వర్కర్, అంటే రానివాళ్ల బదులు బాయి దిగేవాడు. ఏడాదిలో తగినన్ని మస్టర్లు పడితేనే పర్మినెంట్ చేస్తారు. ఆ లెక్క ఈ నెలతో తెగిపోతుంది. మధ్యలో కామెర్లు వచ్చి పడుకున్నాడు కాబట్టి అతనికి ఒక్క మస్టర్‌కు మించి వదులుకునే వీలు లేదు. ఆ ఒక్కటీ ఆ పొద్దునే పోయింది. పొద్దున లైన్లో నిలబడీ నిలబడీ గేటు మూయగానే వాపస్ వచ్చాడు.

"బావ, రేపు గిట్లనే నాగా పడితే నా పేరు పోతది. మల్ల ఏడాది బదిలీ బతుకే. నీకేమన్న తెలిస్తే జెర మేడంకు చెప్పరాదే" అన్నాడు ఎల్లేశం.

సదానందం లోపల ఏదో కదిలింది. నిజంగానే కదిలింది. ఫోన్ చేతిలోకి కూడా తీసుకున్నాడు. అంతలో ఎల్లేశం ఊరుకోక, మేడం పాపం ఎంత మంచిదో చెప్పడం మొదలుపెట్టాడు. పొద్దున గేటు దగ్గరికి తనే వచ్చిందట, వాపస్ పోతున్న ఒక్కొక్కరికీ దండం పెట్టి తప్పు నాదే అందట, జనమంతా ఆమెనేమీ అనొద్దు అనుకున్నారట. మిషన్ పాడుచేసినదాన్ని కూడా జనం మెచ్చుకుంటున్నారు. సదానందం ఫోన్ బల్ల మీద పెట్టేశాడు. రెండు దినాలు ఓపిక పట్టమని బామ్మర్దికి చెప్పి, రమతో చాయ్ పెట్టించి పంపాడు.

శుక్రవారం ఎల్లేశానికి నాగా పడింది. ఆ రాత్రి రమ అన్నం తినలేదు. తమ్ముడి పెళ్లి ఆ పర్మినెంట్ మీదే ఆగి ఉంది. సదానందం అటు తిరిగి పడుకుని, మైకులో చెప్పాల్సిన మాట మనసులోనే ఇంకోసారి అనుకున్నాడు. తను చెప్పాక మేనేజరే దిగొచ్చి అందరి మస్టర్లు వేయిస్తాడులే అని సర్దిచెప్పుకున్నాడు.

శనివారం ఇస్త్రీ చొక్కా వేసుకుని, పొద్దున్నే గేటుకు పోయాడు. మైకు కట్టి ఉంది. మేనేజర్ సారు కుర్చీలో ఉన్నాడు. సుప్రజ లేదు. మొహం చెల్లక రాలేదనుకున్నాడు. లైను మొదలైంది. మొదట పెట్టినవాళ్లకు చక్రం ఎప్పటిలాగే తిరిగింది. సదానందం గొంతు సవరించుకుని మైకు వైపు ఒక అడుగు వేశాడు. అంతలో లైన్లోంచి కేకలు. వేలు పెట్టడమే ఆలస్యం, మస్టర్ పడుతోంది. ఒకరి వెనక ఒకరు నడుస్తూనే పెట్టి పోతున్నారు. సదానందం కాలు అక్కడే ఆగిపోయింది.

కాసేపటికి స్కూటీ మీద సుప్రజ వచ్చింది. జుట్టు చెదిరి ఉంది, మొహం మాత్రం వెలిగిపోతోంది. దారిలో అతన్ని చూసి ఆగి, మెల్లగా చెప్పింది. "పొద్దున మీ ఇంటికి వెళ్లానన్నా. మీరు బయల్దేరిపోయారు. రమక్క తాళం ఇచ్చింది. మోకాలు బాగానే ఉందంది." నేరుగా మైకు దగ్గరికి పోయింది.

లైను ఉన్నచోటే ఆగి వింటుంటే ఆమె అంతా విడమరిచి చెప్పింది. ఏడింటికి మిషన్ ఎదుట కూర్చుంటే బరువు పనులు కళ్లముందే లేచాయి. రాత్రి పన్నెండుకు నడవాల్సినవి ఇప్పుడెందుకు లేచాయని చూస్తే, లోపలి గడియారం ఏడు గంటలు వెనక ఉంది. పనులను ఆపి మధ్యాహ్నానికి జరిపింది. గడియారం జోలికి పోలేదు. కొత్తది ఎక్కించేముందు అది చూసుకోకపోవడం తన తప్పేనని, ఈ వారం పోయిన మస్టర్ల కోసం పైకి రాస్తానని, వస్తాయని మాత్రం మాట ఇవ్వలేనని చెప్పింది.

ఆ తరవాత ఆమె గొంతు మారింది. "ఆ గడియారం అట్లా పెట్టినవాళ్లెవరో నాకు తెలియదు. కానీ బాయి పొద్దు ఎప్పుడు పొడుస్తుందో తెలిసినవాళ్లు పెట్టారది. ఇన్నేళ్లూ మీ రాత్రి షిఫ్టు మస్టర్లు తప్పు పడకుండా కాచింది ఆ ఒక్క పనే. నేను నాలుగేళ్లు చదివినా నాకు తట్టేది కాదు. సదానందం అన్నా, మీరు అప్పటినుంచి ఉన్నారు కదా. ఎవరు చేశారు?"

జనమంతా అతని వైపు తిరిగారు. ఏళ్లుగా ఏ మాట కోసం కడుపు మాడ్చుకున్నాడో ఆ మాట వచ్చింది. మైకులో వచ్చింది, అందరి ముందూ వచ్చింది, తను ఎవరిని చూసి కుళ్లుకున్నాడో ఆమె నోటినుంచే వచ్చింది. చేయి ఎత్తితే చాలు. ఎత్తితే వెంటనే వచ్చే రెండో ప్రశ్న ఏమిటో కూడా అతనికి తెలుసు. తేలు కుట్టిన దొంగలా నిలబడి, తన చేత్తో తన పేరు తీసి ఇంకొకరికి ఇచ్చాడు.

"యజ్ఞనారాయణ సారు చేసిండు" అన్నాడు.

మేనేజర్ సారుకు ఉత్సాహం వచ్చింది. ఆయన రిటైరై విజయవాడలో ఉంటున్నాడని, నెంబరు తన దగ్గరుందని జేబులోంచి ఫోన్ తీశాడు. వద్దు సార్, ఈ వేళప్పుడెందుకు అని సదానందం అంటూనే ఉన్నాడు. అవతల ఫోన్ ఎత్తారు. మేనేజర్ దాన్ని మైకుకు ఆనించి సంగతంతా చెప్పి, మీకు చప్పట్లు కొట్టిద్దామనుకుంటున్నాం అన్నాడు.

ముసలాయన నవ్వాడు. "నాకెందుకండీ చప్పట్లు? మౌస్ పట్టుకోవడమే నాకు సరిగ్గా రాదు. అది మా సదానందం బుర్ర. ఆనాడు మీటింగులో కూడా అతని పేరే చెప్పాను, పైకి రాసి పంపాను. వాళ్లు పట్టించుకోలేదనుకోండి. ఉన్నాడా అక్కడ? బాగున్నావా అబ్బాయ్?"

ముందు చప్పట్లు మొదలయ్యాయి. పాతవాళ్లు సదన్నా అని అరిచారు కూడా. తరవాత ఒకవైపు నుంచి చప్పట్లు పలచబడుతూ వచ్చాయి. అర్థమైనవాడు పక్కవాడి మొహం చూశాడు, వాడు సదానందం మొహం చూశాడు. సుప్రజ మైకు కిందికి దించింది. ఆమె ఏదన్నా అంటే బాగుండునని సదానందం చూశాడు. ఆమె తల దించుకుంది.

ఎల్లేశం లైన్లోంచి బయటికి వచ్చి దగ్గర నిలబడ్డాడు. గొంతు పెంచలేదు.

"గట్లయితే బావ, నేను మొన్న ఇంటికొచ్చిననాడు గీ ముచ్చట నీకు ఎరుకేనా?"

ఎరుకలేదు, పాత సంగతి మరిచిపోయాను అనొచ్చు. అంటే ఎల్లేశం నమ్ముతాడు, అతనిది అంత మంచి మనసు. కానీ అట్లా అంటే, పెట్టిన గడియారమే గుర్తులేనివాడని ఈ జనమంతా అనుకుంటారు. ఇప్పుడే చేతికొచ్చిన పేరు ఇప్పుడే జారిపోతుంది. ఆ ఒక్క క్షణంలో కూడా సదానందం తూచింది దాన్నే.

"ఎరుకే" అన్నాడు. "గడియారం నేను పెట్టిందే."

ఎల్లేశం తలూపాడు. సైరన్‌కు ఇంకా టైం ఉంది. వెనక్కిపోయి లైన్లో తన చోట నిలబడి, ఇటు చూడకుండానే అన్నాడు.

"అక్కకు నువ్వే చెప్పుకో బావ. నేను చెప్పలేను."